తొమ్మిదో లింకు రంగు

సిరిసిల్లల పొద్దున ఏడు కొట్టకముందే కరెంటు మీద నడిచే సాంచ మగ్గాలు మొదలైతయ్. ఆ టకటక ఇనబడందే గా వాడల పిల్లలు నిద్ర లేవరు, ముసలోళ్ళు చాయ్ తాగరు. అంజవ్వ డైయింగ్ కార్ఖాన తలుపు తీసేది కూడ ఆ చప్పుడు ఇన్నంకనే. తొట్టి కింద మంట పెడ్తది, రంగు పొడి తూకమేస్తది, చీరకొంగు నడుముల దోపుతది. అటెన్క తెల్ల నూలు చిలుప దండెం మీద ఏసి, కుడిచెయ్యి చూపుడేలు దాని దగ్గరికి తీస్కపోతది. ముట్టది. బియ్యపు గింజ పట్టేంత సందు ఇడుస్తది. ఏలు దగ్గరికి రాంగనే గా తెల్ల నూలు మీద రంగు తేల్తది. ముంచినప్పుడు అచ్చే రంగు కాదు. ముంచి, నేసి, ఇరువైసార్లు ఉతికినంక మిగిలే రంగు. ఏలు తీస్తే మళ్ళ తెల్ల నూలే.

కార్ఖాన సేటు తొట్టి కాడికి అస్తడు. "అంజవ్వా, గీ మెరూను నిలుస్తదా?"

"నిలువది. ఇటుక రంగైతది. సోడా ఇంకింత పడాలె."

గంతే ముచ్చట. సేటు సోడా తేను పోతడు. దుకాణాలోళ్ళు కూడ చీరెల సంచులు పట్టుకొని అచ్చి, ఏలు పెట్టిచ్చుకొని పోతరు. కొందరికి గొంతుల పాట ఉంటది, కొందరికి చేతుల వంట ఉంటది. అంజవ్వకు ఏలుకొసకు రంగున్నది. దాని మీద ఎవ్వలూ పంచాయితి పెట్టలే.

ఆమెకు ఇద్దరు పిల్లలు. పెద్దది శ్రీలత. డిగ్రీ చేసింది, జగిత్యాలల ఆరు నెలలు కంప్యూటర్ నేర్చింది, ఇప్పుడు కోరుట్లల అనంత్ రావు ఆఫీసుల పని. చిన్నోడు మధుకర్. సిరిసిల్లల్నే ఎనిమిది సాంచలు నడుపుతడు. చెవులు సగం పోయినయ్, ఓపిక మొత్తం పోయింది. గల్ఫుకు పోత అంటడు.

అనంత్ రావు గల్ఫు నౌకర్ల ఏజెంటు. వాళ్ళ తాత సారంగాపూర్ దిక్కు ఒక ఊరికి దొర. తాత అరుగు మీద కూసుంటే మనుషులు చేతులు కట్టుకొని నిలబడేది. మనుమడు ఏసీ గదిల కూసుంటే మనుషులు పాసుపోర్టులు పట్టుకొని నిలబడ్తున్నరు. మనిషి మాట మెత్తగ ఉంటది. ఎవ్వలినీ అరే అనడు.

ఈ ఏడు ఆయనకు కొత్త ఆలోచన అచ్చింది. ఆఫీసు ముందట లైన్లు కాదు, ఇంటర్నెట్ల పేజీ పెట్టాలె. నౌకర్లన్ని దాంట్ల ఉండాలె, ఎవ్వలిది వాళ్ళు ఒత్తుకోవాలె. పని శ్రీలత మీద పడ్డది.

శ్రీలత పేజీ మొత్తం మొదటికెల్లి రాయలే. గట్లెవ్వలూ రాయరట. ఫ్రేమ్‌వర్క్ అని ఒకటి తయారుగ దొరుకుతది. బటన్లు, డబ్బాలు, లింకులు అన్ని కుట్టిపెట్టిన రెడీమేడ్ బట్టల లెక్క. తెచ్చుకొని మన ఒంటికి సరిచేసుకునుడే. లింకంటే ఒత్తితే ఇంకో కాడికి తీస్కపోయే మాట. రెడీమేడుల లింకులన్ని నీలం ఉంటయ్. మౌజు బాణం లింకు మీదికి పోయి ఆగిందనుకో, ఇంకా ఒత్తకముందే అది ముదురు నీలం అయితది. దాన్ని హోవర్ అంటరు. ముట్టకముందు పలికే పలుకు.

అనంత్ రావు చూసి తల అడ్డం ఊపిండు. "గీ నీలం అందరి కాడ ఉన్నది శ్రీలతా. బ్యాంకోనికి గదే, బస్సోనికి గదే. మనది అని ఎరుకపడాలె. ఏరే రంగు తే."

ఆదివారం శ్రీలత సిరిసిల్లకు అచ్చింది. తల్లి బియ్యం చెరుగుతున్నది.

"అవ్వా, నాకొక రంగు గావాలె."

"చీరకా?"

"లింకుకు. ఏలు దగ్గరికి అస్తె మారే రంగు. ఒత్తకముందు మారాలె."

అంజవ్వ చాట కింద పెట్టింది. "పొద్దందాక నేను చేసేది గదే గదనే."

రంగెయ్యని కోరా నూలు చిలుప ఒకటి తెచ్చి ఏలు దగ్గరికి పెట్టింది. దాని మీద తేలిన రంగును శ్రీలత ఫోటో తీసింది. పూసిన మోదుగుపువ్వు ఎండకు కొంచెం వాడినట్టు ఉన్నది. కంప్యూటర్ల ఎక్కిస్తే గా రంగుకు ఆరక్షరాల నెంబరు అచ్చింది. చిట్టీ మీద రాసుకున్నది.

"ఇచ్చేది ఇచ్చిన," అన్నది అంజవ్వ. "అది చెప్పేది అది చెప్తది. చెప్పినంక నన్ను తిట్టద్దు."

అప్పుడే మధుకర్ లోపలికి అచ్చిండు. చేతుల అనంత్ రావు ఆఫీసు కాయిదం ఉన్నది. తొమ్మిది నౌకర్లు. ఎనిమిదింటి మీద చూపు నిలుపకుంట తొమ్మిదోదాని మీద ఏలు పెట్టి అక్కకు చూపెట్టిండు. గోదాము పని. ఇరువై జాగలు. టికెటు వాళ్ళదే, తిండి వాళ్ళదే, రూమ్ వాళ్ళదే. శుక్రవారం పన్నెండు గంటలకు పేజీ తెరుస్తరు, రెండింటికి మూస్తరు. ముందు ఒత్తినోనికి ముందు.

"అరచేతుల బెల్లం పెట్టినట్టున్నది," అన్నది శ్రీలత.

"బెల్లం పెడితే నాకాలె గని వాసన చూసుకుంట కూసుంటరా?"

అంజవ్వ చెయ్యి చాపింది. "గా కాయిదం ఇటియ్యి. ఒక్కపారి సూస్త."

మధుకర్ కాయిదం ఎనుకకు గుంజుకున్నడు. "అద్దవ్వా. నువ్వు సూస్తె నేను పోలేను."

అంజవ్వ మళ్ళ చాట అందుకున్నది. అడుగనోళ్ళకు ఆమె ఏలు చూపియ్యది. ఆమె పెనిమిటి భూమయ్య కల్లు గీయను తాళ్ళెక్కేటోడు. చెట్టెక్కే మోకు ఇటు తే, ఎన్నొద్దులు ఆగుతదో సూస్త అని ఆమె పదిసార్లన్నది. ఆయన తేలే. తాటిచెట్టు మీదికెల్లి పడ్డడు. అప్పుడు కోనరావుపేట ఇడిచిపెట్టి పిల్లలను తీస్కొని సిరిసిల్లకు అచ్చింది. ఏడ్చేది ఏడ్చింది, పని దొరికింది, చేసుకున్నది. కని ఆ కట్టడి మాత్రం మార్చుకోలే. తోసి చూపెడితే మనిషి చూడడు, కండ్లు మూసుకుంటడు.

శుక్రవారం తొమ్మిదింటికి శ్రీలత ఆఫీసుల కూసున్నది. ఆమె పక్క టేబుల్ ఊర్మిలది. నలుపై ఏండ్ల మనిషి, పొద్దందాక ఫోన్లెత్తి జవాబు చెప్పుడు ఆమె పని. ఇద్దరికీ మూడుగంటల గడువు.

శ్రీలత తల్లి రంగు తన ఫైలుల ఏసింది. సేవ్ చేసింది. పేజీ తెరిచింది. నీలం. మళ్ళ ఏసింది. నీలం. కండ్లు మండినయ్. తొమ్మిదిన్నర దాటింది.

తల్లికి ఫోన్ చేసింది. తొట్టి బుసబుస ఇనబడ్తున్నది.

"రెండు ఫైళ్ళవ్వా. ఫ్రేమ్‌వర్కోళ్ళది ఒకటి, నాదొకటి. నేను రంగేసిన. కని వాళ్ళ నీలం పోతలేదు."

"ఏది ముందుగాల ముంచినవ్?"

"నాది. మనది ముందుండాలె గదా అని పైన పెట్టిన."

"నీ సదువు కాలిపోను. మోదుగు రంగుల ముంచి మీదికెల్లి నీలిల ముంచితె మోదుగు ఏడ కనబడ్తది? ఆఖరు ముంచుడుదే పైకి కనబడేది. తీసి కిందికి పెట్టు." ఫోన్ పెట్టేసింది.

శ్రీలత తన ఫైలు వరుస తీసి ఫ్రేమ్‌వర్క్ వరుస కింద పెట్టింది. నీలం పోయింది. బాణం మొదటి లింకు మీదికి తీస్కపోయింది. రంగు మారింది.

చిట్టీ మీదున్న నెంబరు ఒక్కటే. లింకులు మాత్రం ఒక్కోటి ఒక్కో తీరు మారుతున్నయ్. అంజవ్వ ఏలు కింద నూలు మారినట్టే. ఊర్మిల కుర్చీ జరుపుకొని అచ్చింది.

"మొదటిది చిలుకాకుపచ్చ. మంచిగనే ఉన్నది," అన్నది ఊర్మిల. "రెండోది కొంచెం ఎలుస్తది. మూడేండ్లు ఎండల పని గదా, ఎలువదా మరి? నాలుగోది సూడు, ఇటుకెరుపు. గట్టి రంగు. మా ఆడిబిడ్డ కొడుక్కు గది చెప్త."

ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది. ఒకటి మాసిన పసుపు, ఒకటి బూడిద నీలం. బతికే రంగులే అన్ని.

తొమ్మిదోదాని మీద బాణం ఆగింది.

ముందు మోదుగుపువ్వు రంగే అచ్చింది. శ్రీలత ఊపిరి ఇడిచింది. అంతట్ల అక్షరాల అడుగుకెల్లి రంగు కారుడు మొదలైంది. పచ్చి రంగు బట్ట పిండకుంట ఆరేస్తె నీళ్ళు కారినట్టు, బొట్టుబొట్టు తెర మీదికెల్లి జారి అడుగుకు పోతున్నది. అక్షరాలు కోరా బట్ట లెక్క అయినయ్. తర్వాత అది గూడ లేదు. దారం ఇడిపోయినట్టు ఒక్కొక్క గీత ఊడి పడ్డది.

బాణం పక్కకు తీసింది. లింకు మళ్ళ మామూలు. మళ్ళ పెట్టింది. మళ్ళ కారింది.

ఊర్మిల నోటి మీద కొంగు పెట్టుకున్నది. "ఇది నిలువదే. ఇది ఒక్క ఉతుకుకు గూడ ఆగది. మనిషే మిగలడు."

శ్రీలత నెంబరు మార్చింది. ఆకుపచ్చ పెట్టింది, నల్లది పెట్టింది, పాత నీలమే తెచ్చి పెట్టింది. ఏది పెట్టినా తొమ్మిదోది కారుతనే ఉన్నది.

అనంత్ రావు పదకొండుకు అచ్చిండు. ఎనిమిది లింకులు చూసి మెచ్చుకున్నడు. తొమ్మిదోదాని కాడ నిలబడి చానసేపు చూసిండు. అది ఏందో ఆయనకు చెప్పే పని లేదు. కోరుట్ల దుకాణాలోళ్ళు గూడ అంజవ్వ కాడికి పోయేటోళ్ళే, సిరిసిల్ల రంగు చదువుడు ఆయనకు రాదా? జేబురుమాలుతోని మెడ తుడుచుకున్నడు.

"ఇది ఫోన్ల కనబడ్తదా?"

"ఫోన్ల హోవర్ ఉండది సార్. బాణం ఉండది గదా. ఏలు పెట్టిండంటే ఒత్తినట్టే."

"మన పేజీ చూసేటోళ్ళు వందల ఎందరు కంప్యూటర్ ముందట కూసుంటరు?"

"ఒక్కలో ఇద్దరో సార్. అందరు ఫోన్లనే."

"మరి రంది దేనికి? ఉండనీ."

"సార్, అది నిలువదని చెప్తుంది."

"శ్రీలతా," అన్నడు అనంత్ రావు, అంతే మెత్తగ. "పోయేటోడు ఎట్లయిన పోతడు. మనం తొవ్వ చూపెడ్తం. తొవ్వల గుంతలకు మనదా పూచీ? ఈ ఇరువై జాగలు నింపకపోతే కంపెనీవోడు మనకు మళ్ళ జాగలియ్యడు. పన్నెండుకు తెరుస్తున్న. రెండింటి వరకు తొమ్మిదోది నిండాలె."

"పోనీ గా ఒక్కటి తీసెయ్యండి సార్."

"నువ్వు రంగులు చూసుకో."

మాట నిజమే. పేజీల ఏ నౌకరి పెట్టాల్నో, ఏది తియ్యాల్నో గా పాస్‌వర్డు ఆయన చేతులనే ఉన్నది. శ్రీలత చేతుల ఉన్నది రంగుల ఫైలొక్కటే. ఆయన గదిలకు పోయి తలుపు ఏసుకున్నడు.

పదకొండు ఇరువై. శ్రీలత తమ్మునికి ఫోన్ చేసింది. నాలుగోసారికి ఎత్తిండు. సాంచల చప్పుడు చెవుల పోసినట్టున్నది. బయటికి నడిచినట్టున్నడు, చప్పుడు కొంచెం తగ్గింది.

"మధూ, తొమ్మిదోది ఒత్తకు."

"ఎందుకట?"

"నేను చూసిన. రంగు..."

"చెప్పకు!" గట్టిగ ఒర్లిండు. "చెప్పకక్కా. నీకు ఏసీ ఆఫీసుల కుర్చీ ఉన్నది. ఎనిమిది సాంచల నడుమ పన్నెండు గంటలు నువ్వు నిలబడు, తర్వాత రంగులు చూద్దువుగని. నేను, బోయినపల్లి అరవింద్, ఇంకా ఆరుగురం ఫోన్లు చార్జింగు పెట్టుకొని కూసున్నం."

"తమ్మీ, ఒక్క మాట..."

పెట్టేసిండు. మళ్ళ చేస్తె స్విచ్ఛాఫు.

పదకొండు నలుపై. తల్లికి చేసింది. జరిగింది చెప్పింది. ఏడుపు బయటికి రానియ్యలే, తల్లికి ఏడుపు ఇంటె కోపమస్తది.

"వాడు అడుగలే గదా," అన్నది అంజవ్వ.

"అడుగడు. నువ్వే పోయి ఏలు పెట్టి చూపియ్యరాదు?"

"చూపెట్ట. వాడు కండ్లు మూసుకొని ఒత్తుతడు. మీ నాయిన కొడుకే గదా."

"అయితే పోనిద్దామా?"

తొట్టిల కట్టె తిప్పుతున్న చప్పుడు. "ఎందరన్నవ్ గా తొమ్మిదోదానికి?"

"ఇరువై."

"వీడొక్కడు మనోడు. తతిమ్మ పందొమ్మిది మంది ఎవ్వల కొడుకులో. వాళ్ళ అవ్వలకు నా అసొంటి ఏలు లేదు. నీ చేతుల ఏమున్నది?"

"రంగుల ఫైలొక్కటే."

"రంగుతోని చూపిచ్చుడే గాదు బిడ్డా, దాపుడు గూడ అయితది. మాసిక ఏసినోళ్ళనడుగు." పెట్టేసింది.

పదకొండు నలుపై ఆరు. శ్రీలత ఫైలు తెరిచింది. వరుసల తొమ్మిదోదాన్నే పట్టుకోను ఒక మాటుంటది, అది రాసింది. దాని ముందట రంగు రాయాలె. పేజీ ఎనుక తెలుపు. తెలుపు నెంబరంటే ఎఫ్ అక్షరం ఆరుసార్లు. కొట్టింది. ఒకటి, రెండు, మూడు. నాలుగోదాని కాడ ఏలు ఆగింది. ఈ ఆఫీసుల చేరను ఆమె ఏడాది తిరిగింది. హాస్టలు, జీతం, తన పేరు మీద ఒక కుర్చీ. మిగిలిన మూడు అక్షరాలు గూడ కొట్టింది.

హోవరుకు గూడ గదే తెలుపు రాసింది. అన్నిటికంటె ఆఖరు వరుసల పెట్టింది. సేవ్.

పేజీల ఎనిమిది లింకులు. ఎనిమిదోదాని కింద తెల్లటి జాగ.

ఊర్మిల తెర చూసింది, శ్రీలత మొఖం చూసింది. మంచినీళ్ళ సీసా ఆమె దిక్కు జరిపింది.

పన్నెండు కొట్టింది. గదిలకెల్లి అనంత్ రావు "తెరిచిన" అన్నడు. ఫోన్లు మొదలైనయ్. మొదటి లింకుకు పది నిమిషాలల్ల ముప్పై మంది. నాలుగోదానికి ఇరువై. తొమ్మిదోదానికి సున్న.

ఊర్మిల ఒక్కొక్క ఫోనుకు జవాబు చెప్తున్నది. "ఏందన్నా, గోదాము పని కనబడ్తలేదా? ఏమో మరి. నాలుగోది సూడు, మంచిగున్నది. నా మాట ఇను, నాలుగోది."

శ్రీలత అప్పుడు ఒక సంగతి గుర్తుపట్టి కూసున్న కాడ్నే చల్లబడ్డది. రంగు తెల్లగైంది గని లింకు యాడికి పోలే. తెల్ల జాగల బతికే ఉన్నది. ఎవ్వడన్న ఖాలీ జాగ మీద ఏలు పెడితె, చూడకుంటనే ఒత్తినట్టయితది. ఎనిమిది కింద తొమ్మిది ఉంటదని ఎరుకున్నోడు అక్కడ్నే తడుముతడు. ఎరుకున్నోడు ఎవ్వడంటే...

ఫోన్ మోగింది. మధుకర్.

"అక్కా, తొమ్మిదోది ఏది?"

ఆమె ఫోన్ చెవికి ఒత్తి పట్టుకున్నది.

"ఎనిమిది కింద ఖాలీ జాగున్నది. ఉత్త ఖాలీ కాదు, ఒక లైను పట్టేంత జాగ. నువ్వే చేసినవ్ గదా?"

"మధూ, ఏలు తియ్యి."

"నాకెరుక నువ్వే చేసినవ్. నీ నౌకరి పోతది గదా దీనితోని?"

"పోతది."



సిరిసిల్లల సాంచల షెడ్డు బయట, గోడ నీడల మధుకర్ నిలబడ్డడు. ఎడమచేతుల ఫోన్, అక్క లైను స్పీకరుల ఉన్నది. కుడి బొటనేలు తెర మీద తెల్ల జాగకు ఈతాకు మందమంత ఎత్తుల ఉన్నది. అరవిందు, తతిమ్మోళ్ళు షెడ్డు మెట్ల మీద కూసోని ఫోన్లు రుద్దుకుంట తిడుతున్నరు. పన్నెండుంబావుకు అంజవ్వ టిఫిన్ డబ్బ పట్టుకొని అచ్చింది. పక్క గల్లీయే, రోజూ అచ్చేదే. కొడుకు చెయ్యి చూసింది. డబ్బ గోడ మీద పెట్టింది. నిలబడ్డది.

మధుకర్ బొటనేలు ఇంకా దించలే. కాయిదం మీదున్న దానికి భయపడలే. ఫోన్ల తతిమ్మటి లెక్కనే కనబడితే ఎప్పుడో ఒత్తేటోడు. కని ఈ తెలుపు... తన అక్క కొలువు పోయినా సరే అని దాన్ని తెలుపు చేసింది. అంత దాపవలసింది ఏమున్నదో గిప్పుడు చూడకుంట ఒత్తలేకపోతున్నడు. ఎనుకకు తియ్యలేకపోతున్నడు.

"అవ్వా," అన్నడు తల తిప్పకుంటనే. "ఏలు పెట్టు."

అంజవ్వ రంగంటిన చెయ్యి కొంగుకు తుడుచుకొని, చూపుడేలు తెర దగ్గరికి తెచ్చింది. బియ్యపు గింజంత సందు ఇడిచింది.

తెల్ల జాగల అక్షరాలు తేలినయ్. మోదుగు రంగు. మధుకర్ చూస్తనే ఉన్నడు. అడుగుకెల్లి కారుడు మొదలైంది. తెర అంచు దాటింది. ఫోన్ పట్టుకున్న ఎడమచేతి గోరు మీదికి అచ్చింది. గోరు కోరా బట్ట లెక్క అయ్యింది. తర్వాత ఏలు. తర్వాత అరచెయ్యి. చర్మం నేత కనబడ్తున్నది, పడుగు, పేక. మణికట్టు కాడ ఒక పోగు తెగి ఏలాడింది. చెయ్యి ఉన్నది గని దాని బరువు మధుకర్‌కు తెలుస్తలేదు.

అంజవ్వ ఏలు తీసింది. చెయ్యి మళ్ళ చెయ్యి అయ్యింది.

"గక్కడికే ఆగుతదా, ఇంకా పోయేదుండెనా?" అన్నడు మధుకర్, మణికట్టు తడుముకుంట.

"నేను తీసిన గాబట్టి ఆగింది. సూస్త అంటే మళ్ళ పెడ్త."

"అద్దు."

మెట్ల మీదికెల్లి అరవింద్ లేచి అచ్చిండు. "అంజత్తా, నాది గూడ," అని ఫోన్ చాపిండు. ఎనుక ఇంకొకడు. లైను కట్టిన్రు, రేషన్ షాపు కాడ కట్టినట్టు. ఏడుగురు. ఏడు ఫోన్ల మీద ఏలు పెట్టింది. ఒకడు గోడకు ఆనుకొని కూసుండిపోయిండు, ఇంకొకడు ఉత్తగ బీడీ ముట్టిచ్చుకున్నడు. ఎవ్వలు ఏం చూసిన్రో ఒకనికొకడు చెప్పుకోలే.

కోరుట్లల శ్రీలత ఇదంత ఫోన్లనే ఇన్నది. అయిపోయినంక లైను కట్ చేసి తలెత్తితే ఎదురుంగ అనంత్ రావు.

"తొమ్మిదోదానికి సున్న ఎందుకున్నది?"

ఆమె బాణం తెల్ల జాగ మీదికి తీస్కపోయి పెట్టింది. తెలుపుల్నుంచి రంగు తేలి కారుడు మొదలైంది. అనంత్ రావు చూపు పక్కకు తిప్పుకున్నడు.

"సరిచెయ్యి."

"చెయ్య సార్."

ఆయన అప్పుడు గూడ ఒర్రలే. "అయితె లెవ్," అన్నడు గంతే. శ్రీలత లేచింది. డబ్బ, చున్నీ, సీసా సంచిల ఏసుకున్నది. ఆయన జగిత్యాలల ఎవ్వలికో ఫోన్ చేసి రంగు మార్పియ్యమన్నడు. గా పిలగాడు ఎక్కడ్నో కూసోని ఫ్రేమ్‌వర్క్ ఫైలుల నీలం మళ్ళ మళ్ళ రాసిండు. కింద ఇంకో ఫైలున్నదని చూసుకోలే. ఎంత రాసినా పైకి తెలుపే. రెండు కొట్టింది. పేజీ మూసుకపోయింది.

సాయంత్రం బస్సుకు శ్రీలత సిరిసిల్లల దిగింది. "తిన్నవా?" అన్నది తల్లి. తినలేదంటే కంచం పెట్టింది. మధుకర్ అన్నం ముందట కూసోని అక్క మొఖం చూడకుంట చెప్పిండు. "నాలుగోది ఒత్తిన. అవ్వతోని చూపిచ్చుకొనే ఒత్తిన. ఇటుకెరుపు." శ్రీలత కూర ఏసుకున్నది.

మూడొద్దులకు ఊర్మిల ఫోన్ చేసింది. తొమ్మిదోది పోలేదట. ఇరువై జాగలు ఇంకో ఊరి ఏజెంటు తీసుకున్నడట, ఆయన పేజీ గీజీ పెట్టుకోలే, కాయిదాల మీదనే రాసుకున్నడట. ఏ ఊరంటే ఆమెకెరుక లేదు.

తర్వాతి బుధవారం మధుకర్‌కు జగిత్యాలల ఇంటర్వ్యూ అయ్యింది. ఒకటే ఫంక్షన్ హాల్ల నలుగురు ఏజెంట్ల మనుషులు. నాలుగు టేబుళ్ళు, నాలుగు లైన్లు. టేబుల్ కాడికి పోయి పాసుపోర్టు ఇచ్చినోడు అటు తలుపుకెల్లి బయటికి పోతున్నడు, పాసుపోర్టు మాత్రం వాళ్ళ కాడ్నే ఉంటున్నది. మధుకర్ తన లైన్ల నిలబడి పక్క లైను దిక్కు చూసిండు. తన పక్కనే నిలబడ్డాయనకు ముప్పై ఏండ్లుంటయ్, కాలర్ కాడ సగం మాసిన అంగి, నోట్ల పాన్. చేతుల కాయిదం. గోదాము పని. టికెటు, తిండి, రూమ్.

మధుకర్ తన ఎడమచెయ్యి జేబుల పెట్టుకున్నడు. మళ్ళ తీసిండు.

"అన్నా, నీ పేరేంది?"

"నరేశ్."

"ఎవ్వలన్న చూసిన్రా గీ కాయిదం?"

"ఏం చూసుడు? అందరు మంచిదే అన్నరు."

నరేశ్ ముందట పదకొండు మంది ఉన్నరు. చూస్తున్నంతట్ల పది మంది అయిన్రు. మధుకర్ ఫోన్ తీసి తల్లికి చేసిండు. ఇక్కడి సంగతి రెండు మాటలల్ల చెప్పిండు. నరేశు ఇనుకుంట పాన్ నములుడు ఆపిండు. "సిరిసిల్ల అంజవ్వనా?" అన్నడు మెల్లగ. "మా అక్క చీరెలు ఆమెకే చూపెడ్తది. నా కాయిదం గూడ సూడుమను."

తొమ్మిది మంది.

"ఇప్పటి బస్సు ఎల్లిపోయింది," అన్నది అంజవ్వ ఫోన్ల. ఎనుక తొట్టి మీది మూత మూసిన చప్పుడు ఇనబడ్డది. "ఎనుకచ్చే బస్సుకు అస్త. గాయినను లైన్ల ముందటికి జరుగద్దని చెప్పు."